కుందేలు పిల్లలకు పోతపాలు

తల్లి చనిపోయిన, తల్లి పాలివ్వని, లేదా తల్లికి దూరమైన కుందేలు పిల్లలకు మనిషి చేత్తో పాలు పట్టి, అవి సొంతంగా గడ్డి కొరికే వయసు వచ్చేదాకా సాకే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. చనుబాలకు బదులు పట్టే వేరే పాలను తెలుగులో పోతపాలు అంటారు. దూడకో మేకపిల్లకో పోతపాలు పట్టడం రైతు ఇంట్లో మామూలు పని. కుందేలు పిల్ల సంగతి వేరు. దాని తల్లిపాలు కొవ్వు, మాంసకృత్తుల్లో ఆవుపాల కన్నా మూడు రెట్లు చిక్కన. తల్లి రోజుకు ఒక్కసారే, అదీ కొద్ది నిమిషాలే పాలిస్తుంది. పిల్ల పేగులు చిన్న తప్పునూ ఓర్చుకోలేవు. అందుకే కుందేలు పిల్ల విషయంలో పాలు ఎలా పట్టాలన్నది రెండో ప్రశ్న. అసలు పట్టాలా వద్దా అన్నది మొదటిది.

వికారాబాద్ జిల్లా తాండూరు మండలంలోని కరణ్‌కోట పరిసరాల్లో చేలలో కనిపించే అడవి కుందేలు, ఇళ్లలో పెంచే కుందేలు రెండింటినీ ఈ వ్యాసం దృష్టిలో పెట్టుకుంది.

పేర్లు: కుందేలు, చెవులపిల్లి, శశం

తెలుగువాళ్లు రెండు వేరువేరు జంతువులను ఒకే పేరుతో పిలుస్తారు. పొలాల్లో, పొదల్లో తిరిగేది భారత కుందేలు. శాస్త్రీయ నామం లెపస్ నైగ్రికోలిస్. మెడ వెనక నల్లని మచ్చ ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. కొన్ని ప్రాంతాల్లో దీన్నే చెవులపిల్లి అంటారు. ఇళ్లలో, ఫారాల్లో పెంచే తెల్లకుందేలు, దాని రంగురంగుల బంధువులు ఐరోపా మూలం గల మరో జాతికి చెందినవి. ఆ జాతి పేరు ఒరిక్టోలాగస్ కునికులస్. మొదటిదానికి 48 క్రోమోజోములు, రెండోదానికి 44. రెండూ కలిసి పిల్లలను కనవు.

మన దేశానికి రెండోది తర్వాత వచ్చినదే. సంస్కృతంలోని శశం, చందమామలో కనిపించే కుందేలు, జరగని పనికి తెలుగువాళ్లు చెప్పే కుందేటి కొమ్ము, ఇవన్నీ అడవి కుందేలును చూసి పుట్టిన మాటలే. పేరు ఒకటే కావడం భాషకు ఇబ్బంది కాలేదు గానీ పిల్లల ప్రాణం మీదికి మాత్రం తెస్తోంది. ఎందుకంటే ఈ రెండింటి పిల్లలూ పుట్టుకలోనే పూర్తిగా భిన్నమైనవి.

రెండు జాతులు, రెండు బాల్యాలు

పెంపుడు కుందేలు చూలు 30 నుంచి 32 రోజులు. ఈనే ముందు తల్లి తన పొట్ట మీది, మెడ కింది బొచ్చు పీకి గూట్లో పరుస్తుంది. పిల్లలు బొచ్చు లేకుండా, గులాబీ రంగులో, కళ్లు మూసుకుని పుడతాయి. బరువు 40 నుంచి 60 గ్రాములు. మూడు నాలుగు రోజులకు నూగు మొలుస్తుంది. 10 నుంచి 12 రోజులకు కళ్లు తెరుస్తాయి. అంతవరకు వాటికి గూడే లోకం. ఒకదాని మీద ఒకటి పడుకుని వెచ్చదనం కాపాడుకుంటాయి.

అడవి కుందేలు గూడు కట్టదు, బొరియ తవ్వదు. లెపస్ జాతుల్లో చూలు ఆరు వారాలకు అటూ ఇటూ ఉంటుంది. అందుకే పిల్ల ఒళ్లంతా బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడుతుంది. ఒక ఈతకు ఒకటి నుంచి నాలుగు పిల్లలు. గడ్డిలో ఒత్తుకుని చేసుకున్న చిన్న పల్లం, అంటే పడకే, దాని చోటు. పుట్టిన గంటల్లోనే కదలగలదు. రెండు మూడు రోజుల్లో పిల్లలన్నీ విడివిడిగా వెళ్లి, ఒక్కొక్కటి ఒక్కోచోట బిగుసుకుని కూర్చుంటాయి. అప్పుడు వాటికి దాదాపు వాసన ఉండదు, చప్పుడు ఉండదు. మనిషి అడుగు దూరంలో నిలబడ్డా కదలవు. ఆ కదలకపోవడమే వాటి రక్షణ.

కళ్లు మూసుకుని, బోసి ఒంటితో ఉన్న పిల్ల దొరికిందంటే అది పెంపుడు కుందేలు పిల్ల. బొచ్చుతో, కళ్లు తెరుచుకుని, చేలో ఒంటరిగా కూర్చున్న అరచేతి అంత పిల్ల దొరికితే అది అడవి కుందేలు పిల్ల. ఈ గుర్తింపు జరగకుండా పాలగిన్నె చేతిలోకి తీసుకోకూడదు. విదేశాల నుంచి వచ్చే సూచనల్లో చాలా భాగం అమెరికా కాటన్‌టెయిల్ గురించి రాసినవి. అది మూడో రకం జంతువు. నేలలో చిన్న గుంట తవ్వి, బోసి పిల్లలను కప్పి పెడుతుంది. మన చేలలో అది లేదు.

కరణ్‌కోట, తాండూరు పరిసరాలు

కరణ్‌కోట కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న ఊరు. ఇక్కడి సున్నపురాయి ఆధారంగా సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా తాండూరు కర్మాగారం నడుస్తోంది. చుట్టుపక్కల నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, ముక్కల దిబ్బలు ఉంటాయి. ఈ ప్రాంతం గుండా పారే కాగ్నా నది భీమలో కలుస్తుంది. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా ఏర్పడే వరకు తాండూరు రంగారెడ్డి జిల్లాలో ఉండేది.

నల్లరేగడి నేలల్లో పండే తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. కుందేలుకు కంది చేను అన్ని విధాలా అనుకూలం. జూన్, జులైలో విత్తితే డిసెంబరు, జనవరి దాకా కోతకు రాదు. ఆరు నెలల పాటు తలదాచుకునే నీడ, సాళ్ల మధ్య గడ్డి, గట్ల మీద పొదలు దొరుకుతాయి. భారత కుందేలు ఏడాది పొడవునా ఈనగలదు, వానకాలంలో ఎక్కువ. కాబట్టి కలుపు తీసేటప్పుడు, కోత కోసేటప్పుడు, కుప్ప వేసేటప్పుడు పిల్లలు కంటపడటం సహజం. కొడవలి పట్టుకున్న మనిషికి ముందు కందికట్టె మొదట్లో మట్టిరంగు ముద్ద కనిపిస్తుంది. ముట్టుకున్నా లేవదు. వేళ్లకు వెచ్చగా తగులుతుంది, గుండె దడదడ తెలుస్తుంది. తల్లి చుట్టుపక్కల కనిపించదు. కూలీల్లో ఎవరో ఒకరు దాన్ని కొంగులో వేసుకుని ఇంటికి తెస్తారు. కరుణతో చేసిన ఆ పనితోనే చాలాసార్లు పిల్ల తల్లికి శాశ్వతంగా దూరమవుతుంది.

అనాథ అవునా, కాదా

ఐరోపా గోధుమరంగు కుందేళ్ల మీద జరిగిన పరిశీలనల్లో తల్లి రోజుకు ఒక్కసారి, పొద్దుగూకిన తర్వాత వచ్చి, విడివిడిగా ఉన్న పిల్లలు ఒకచోట చేరాక కొద్ది నిమిషాలు పాలిచ్చి వెళ్లిపోతుందని తేలింది. మిగతా రోజంతా ఆమె కావాలనే దూరంగా ఉంటుంది. దగ్గరుంటే నక్క, కుక్క, అడవిపిల్లి ఆమె వాసన పట్టుకుని పిల్లల దగ్గరికి వస్తాయి. భారత కుందేలు కూడా అదే లెపస్ ప్రజాతిది. పగటిపూట ఒంటరిగా కనిపించిన పిల్లకు తల్లి లేదనుకోవడం, అందుకే, పొరపాటు.

పిల్ల బొద్దుగా, వెచ్చగా, గాయాలు లేకుండా ఉంటే దాన్ని అక్కడే వదలాలి. కోత ఆ సాలు దాకా వచ్చేసిందంటే పిడికెడు గడ్డితో ఎత్తి, అదే చేను గట్టున, పొద కింద, వీలైనంత దగ్గరలో పెట్టాలి. మనిషి ముట్టుకుంటే తల్లి పిల్లను వదిలేస్తుందన్న నమ్మకం పల్లెల్లో బలంగా ఉంది. అది నిజం కాదు. ఉదయం ఇంటికి తెచ్చిన పిల్లను కూడా ఆ సాయంత్రం చీకటి పడకముందే తెచ్చినచోట వదిలితే తల్లి అందుకునే అవకాశం ఉంది. కుక్కలను మాత్రం ఆ రాత్రి కట్టేయాలి.

తల్లి శవం దగ్గరలోనే కనిపించడం, పిల్ల ఒళ్లు చల్లబడి ఉండటం, మెడ వెనక చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలవడం, ఈగలు ముసరడం, గాయం, పక్కటెముకలు చేతికి తగలడం: వీటిలో ఏది ఉన్నా మనిషి సాయం అవసరం.

పెంపుడు కుందేలులో పరీక్ష వేరు. తెల్లారి గూట్లో పిల్లల పొట్టలు చూడాలి. పాలు తాగిన పసిపిల్ల పొట్ట గుండ్రంగా నిండి, పలుచని చర్మం కింద తెల్లగా పాలు కనిపిస్తాయి. తాగని పిల్ల పొట్ట ముడతలు పడి, లోపలికి పోయి ఉంటుంది. తల్లి రోజంతా గూటి దగ్గరికి రావడం లేదని యజమాని కంగారు పడటం మామూలే. రానవసరం లేదు. మొదటి ఈతలో తల్లులు కొన్నిసార్లు పిల్లలను గూటి బయట, జాలీ మీద కని వదిలేస్తాయి. అలాంటి పిల్లలను వెచ్చబెట్టి గూట్లో చేర్చి, తల్లిని మెల్లగా పట్టుకుని పిల్లల మీద నిలబెడితే చాలాసార్లు పాలిస్తుంది. వరుసగా రెండు రోజులు పొట్టలు ఖాళీగా ఉంటేనే పోతపాల ఆలోచన.

చరిత్ర: కూపర్ నుంచి ప్రయోగశాల దాకా

కుందేలు పిల్లలను చేత్తో సాకిన అనుభవాన్ని అక్షరాల్లో పెట్టిన తొలితరం రచయితల్లో ఆంగ్ల కవి విలియం కూపర్ ఒకరు. 1774లో ఆయన మూడు అడవి కుందేలు పిల్లలను సాకడం మొదలుపెట్టి, వాటి స్వభావాలను గురించి 1784లో జెంటిల్మన్స్ మ్యాగజైన్‌లో రాశారు. వాటిలో పస్ అనే కుందేలు దాదాపు పన్నెండేళ్లు బతికింది. మూడు పిల్లలూ ఒకే తీరుగా ఉండవని, ఒకటి చేతికి మాలిమి అయితే మరొకటి ఎంత ఆదరించినా మాలిమి కాలేదని ఆయన గమనించారు. 2024లో వచ్చిన క్లోయీ డాల్టన్ పుస్తకం రైజింగ్ హేర్ కూడా ఇలా చేతిలో పెరిగిన అడవి కుందేలు కథే.

శాస్త్రం ఇరవయ్యో శతాబ్దంలో చేరింది. పెంపుడు కుందేలు పిల్లలకు రోజుకు ఒక్కసారే పాలిస్తుందని 1965లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన స్థిరపరిచింది. పాలు తాగే పిల్లల కడుపులో సూక్ష్మజీవులను అణచే కొవ్వు ఆమ్లాలు ఉన్నాయని 1966లో గుర్తించారు. పసిపిల్ల కళ్లు తెరవకపోయినా చనుమొనను సెకన్లలో ఎలా పట్టుకుంటుందన్న ప్రశ్నకు 2003లో జవాబు దొరికింది: తల్లిపాలలోని ఒక వాసన పదార్థం పిల్లను ఆ దారి పట్టిస్తుంది. పోతపాలకు ఆ వాసన ఉండదు. సిరంజి మొన నోటి దగ్గర పెట్టినా పిల్ల తల తిప్పేయడానికి కారణాల్లో ఇదొకటి.

కుందేలు పాలు

పెంపుడు కుందేలు పాలలో కొవ్వు సుమారు 13 శాతం, మాంసకృత్తులు సుమారు 12 శాతం. పాలచక్కెర, అంటే లాక్టోజ్, రెండు శాతానికి మించదు. ఆవుపాలలో కొవ్వు 4 శాతం దగ్గర, మాంసకృత్తులు 3.3 శాతం, లాక్టోజ్ 4.8 శాతం. గేదెపాలలో కొవ్వు 7 శాతం దాకా ఉన్నా మాంసకృత్తులు నాలుగే, లాక్టోజ్ ఐదు దాకా. ఇంట్లో ఉన్న పాలు ఏవి పట్టినా పిల్లకు కావలసినవి తక్కువ, అక్కర్లేని చక్కెర ఎక్కువ అందుతాయి. ఆ చక్కెర పేగుల్లో పులిసి పొట్ట ఉబ్బరిస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్లు కలిపితే అరుగుతాయనుకుని పలచన చేయడం మరింత నష్టం.

దూడ పుట్టగానే జున్నుపాలు తాగించకపోతే బతకదని రైతుకు తెలుసు. రోగనిరోధక పదార్థాలు దూడకు జున్నుపాల ద్వారానే అందుతాయి. కుందేలులో ఆ పదార్థాలు చాలావరకు పుట్టకముందే, గర్భంలో ఉండగానే పిల్లకు చేరతాయి. కాబట్టి జున్నుపాలు దక్కని కుందేలు పిల్లకు ఆశ పూర్తిగా పోదు. కానీ మరో లోటు ఉంటుంది. పెద్ద కుందేలు కడుపులో ఆమ్లం తీవ్రంగా ఉండి క్రిములను చంపుతుంది. పాలు తాగే పిల్ల కడుపులో ఆ ఆమ్లం తక్కువ. తల్లిపాలు కడుపులో అరిగేటప్పుడు విడుదలయ్యే కాప్రిలిక్, కాప్రిక్ ఆమ్లాలే కాపలా కాస్తాయి. పోతపాల పిల్లకు ఆ కాపలా ఉండదు. సిరంజి కడగకుండా రెండోసారి వాడితే దూడకు ఏమీ కాకపోవచ్చు గానీ, కుందేలు పిల్ల ఒక్క రాత్రిలో పోవచ్చు.

పెంపుతల్లి

పెంపుడు కుందేలు పిల్లకు పోతపాల కన్నా మేలైనది మరో తల్లి. అనుభవం ఉన్న పెంపకందార్లు రెండు మూడు ఆడకుందేళ్లను ఒకేసారి చూలు కట్టిస్తారు. ఒకటి చనిపోతే దాని పిల్లలను మిగతావాటికి పంచుతారు. పిల్లల వయసు తేడా రెండు మూడు రోజులకు మించకూడదు. కొత్త పిల్లలను పెంపుతల్లి గూట్లోని బొచ్చుతో రుద్ది, ఆమె పిల్లల మధ్యలో దూర్చి, కొన్ని గంటల తర్వాత తల్లిని వదలాలి. అప్పటికి వాసన కలిసిపోతుంది. కుందేలుకు సాధారణంగా ఎనిమిది నుంచి పది చనుమొనలు ఉంటాయి. అంతకు మించిన పిల్లలను పెట్టడం అన్నిటికీ నష్టం. అడవి కుందేలు పిల్లను పెంపుడు తల్లి కింద వదలడం తగదు. తల్లి కరవొచ్చు, రోగాలు అటూ ఇటూ అంటవచ్చు.

పోతపాలు: ముందు వేడి, తర్వాత పాలు

చల్లబడిన పిల్లకు పాలు పడితే అరగవు. మొదటి పని ఒళ్లు వెచ్చబెట్టడం. అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ, ఎండు గడ్డి వేసి, గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి ఒక మూలన పెట్టాలి. తల్లి బొచ్చు దొరికితే అంతకన్నా మంచి పరుపు లేదు. దూది వద్దు. పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి. బోసి పిల్లలకు గూటి లోపల 35 డిగ్రీల దగ్గర వేడి కావాలి. తాండూరు మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు సీసా అవసరం లేదు, నీడ కావాలి. కంది కోతల కాలంలో రాత్రి చలి ముదురుతుంది, అప్పుడు సీసా తెల్లవారుజామున ఒకసారి మార్చాలి. బొచ్చుతో ఉన్న అడవి పిల్లకు అంత వేడి అక్కర్లేదు. దానికి కావలసింది చీకటి, నిశ్శబ్దం.

ఒంట్లో నీరు తగ్గిన పిల్లకు పశువైద్యుడు చర్మం కింద సెలైన్ ఎక్కిస్తారు. పాలు ఆ తర్వాతే.

పాల ఎంపికలో పిల్లిపిల్లల కోసం తయారైన పాలపొడి ముందు వరసలో ఉంటుంది. పిల్లి తల్లిపాలు కూడా చిక్కనివే కాబట్టి ఆ పొడి కుందేలు పాలకు కాస్త దగ్గర. పెద్ద పట్టణాల పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతుంది. పల్లెలో అందుబాటులో ఉండేది మేకపాలు. మేకపాలలో కొవ్వు కణాలు చిన్నవి, ఆ పాలు మెత్తగా గడ్డకడతాయి. కాచి చల్లార్చిన మేకపాలలో పిల్లి పాలపొడి కలిపితే చిక్కదనం పెరుగుతుంది. చక్కెర, తేనె, బిస్కెట్, మనుషుల పిల్లల డబ్బాపాలు వేయకూడదు.

కొలత తక్కువ. పెంపుడు కుందేలు పిల్లకు మొదటి రోజుల్లో పూటకు 2.5 మిల్లీలీటర్లు, వారం వయసుకు 6 నుంచి 8, రెండు వారాలకు 12 లేదా 13, మూడో వారం నుంచి పూటకు 15కు మించకుండా వాడుకలో ఉన్న కొలతలు. రోజుకు రెండు పూటలు, పన్నెండు గంటల ఎడం. తల్లి ఒక్కసారే ఇస్తుంది కదా, రెండుసార్లు ఎందుకంటే, పోతపాలు పలచన, సిరంజితో ఒక్క విడతలో అంత పట్టలేం. గంటగంటకూ పట్టడం ప్రేమ అనిపిస్తుంది గానీ కడుపు ఖాళీ అయ్యే వ్యవధి ఇవ్వదు. రోజూ ఒకే వేళకు, వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు మీద గిన్నె పెట్టి తూకం చూడాలి. బరువు పెరుగుతుంటే కొలత సరిపోతున్నట్టే. పొట్ట మెత్తగా, కొద్దిగా గుండ్రంగా ఉన్నప్పుడు ఆపాలి. బిగుసుకునేదాకా పట్టకూడదు.

పట్టే తీరు మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది. తెలుగింట్లో పసిబిడ్డను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోయడం అలవాటు. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. తల్లి కింద కుందేలు పిల్ల వెల్లకిలా పడుకునే తాగుతుంది నిజమే. కానీ అక్కడ పిల్ల చప్పరిస్తేనే పాలు వస్తాయి. సిరంజిలో పాలు తోసేది మనిషి వేలు. పిల్లను గుడ్డలో చుట్టి, బల్ల మీద బొర్లా, తల కొంచెం పైకి ఉండేలా పట్టుకోవాలి. సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజి మొనను పెదవి పక్కన, పళ్ల వెనక ఖాళీలో ఆనించాలి. పాల చుక్క మణికట్టు లోపలి వైపు వేసుకుంటే వెచ్చగా తగలాలి. ఒక్క చుక్క పెదవి మీద పెట్టి ఆగాలి. మొదట తల తిప్పుతుంది. ముక్కు కదులుతుంది. తర్వాత నాలుక కొస బయటికి వచ్చి చుక్కను లాక్కుంటుంది. గొంతు కింద పలచని చర్మం కదిలాక రెండో చుక్క. మొదటి రోజు రెండు మిల్లీలీటర్లకు పావుగంట పట్టవచ్చు. మూడో రోజుకు అదే పిల్ల ముందుకాళ్లతో సిరంజిని పట్టుకుంటుంది. అప్పుడే జాగ్రత్త పెరగాలి, ఆత్రంగా తాగే పిల్లకే పాలు పొరపోయేది ఎక్కువ.

ముక్కులో పాలబుడగ కనిపిస్తే వెంటనే ఆపి, తల కిందికి వంచి, ముక్కు తుడవాలి. ఊపిరితిత్తుల్లోకి పాలు వెళితే వచ్చే న్యుమోనియా పోతపాల పిల్లల చావులకు పెద్ద కారణాల్లో ఒకటి.

విసర్జన

కళ్లు తెరవని పిల్ల తనంతట తాను మూత్రం, మలం సరిగా విసర్జించలేదు. పెంపకంలో తల్లి నాకే పనిని మనిషి గోరువెచ్చని నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డతో చేయాలి. పాలు పట్టే ముందు గానీ తర్వాత గానీ పొట్ట కింది నుంచి తోక వైపు మెల్లగా నిమిరితే కొద్ది క్షణాల్లో మూత్రం వస్తుంది. ఆ తర్వాత ఒళ్లు ఆరేలా తుడవాలి, తడి మీద ఈగలు గుడ్లు పెడతాయి.

ప్రమాదాలు, మందులు

పొట్ట ఉబ్బడం, జిగురు విరేచనాలు, ఒళ్లు చల్లబడటం, పాలు వద్దనడం ఒక్కొక్కటీ ప్రమాద సూచనలే. రెండు కలిసి కనిపిస్తే గంటల వ్యవధే ఉంటుంది. కుక్క పళ్లు, పిల్లి గోళ్లు తగిలిన పిల్లకు బయట చిన్న గీత మాత్రమే కనిపించినా లోపల చీము పట్టవచ్చు. అందుకు యాంటీబయాటిక్ అవసరం, అది పశువైద్యుడే ఇవ్వాలి. మనుషుల పిల్లలకు వాడే అమాక్సిసిలిన్ సిరప్ మందుల దుకాణంలో తేలిగ్గా దొరుకుతుంది. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ తరహా మందులు కుందేలు పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపి, విషకారక క్రిములను పెరగనిస్తాయి. జబ్బు తగ్గకముందే జంతువు పోవచ్చు. పెద్ద కుందేలుకూ ఇదే వర్తిస్తుంది.

అడవి పిల్లకు బెదురే పెద్ద జబ్బు. టీవీ చప్పుడు, చుట్టూ మూగిన పిల్లలు, ఫోన్లలో ఫొటోలు, చేతులు మారడం దాని గుండెకు భారం. పైకి మాత్రం అది అరవదు, పెనుగులాడదు, చేతిలో ముద్దలా కూర్చుంటుంది. మాలిమి అయిందనుకుంటారు. అది భయంతో బిగుసుకుని ఉంటుంది.

పాలు పట్టిన చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కుందేలు ఒంటి మీది తామర మనుషులకు అంటుతుంది.

పాలు మాన్పించడం

పెంపుడు పిల్ల పదిహేను, పద్దెనిమిది రోజులకు గడ్డి కొరకడం మొదలెడుతుంది. అడవి పిల్ల అంతకన్నా ముందే మొదలెడుతుంది. గరిక, ఎండబెట్టిన మెత్తటి గడ్డి, కొద్దిగా లూసర్న్ గూట్లో ఉంచాలి. మందు కొట్టిన చేను గట్టు మీది గడ్డి తేకూడదు. తాండూరు కంది చేలకు పూత, కాయ దశల్లో పురుగుమందులు పడతాయన్నది మరవకూడదు. మూడో వారం నుంచి లోతులేని మట్టి మూకుడులో నీళ్లు పెట్టాలి.

గడ్డి మొదలైన ఈ వారమే గండం. పాల కడుపు గడ్డి కడుపుగా మారేటప్పుడు పేగుల్లో కొత్త సూక్ష్మజీవులు స్థిరపడాలి. కుందేళ్లు రెండు రకాల పెంటికలు వేస్తాయి. గట్టివి వదిలేస్తాయి. మెత్తగా, గుత్తిగా ఉండేవి నేరుగా నోటితో అందుకుని తింటాయి. తల్లి దగ్గర పెరిగే పిల్లకు ఆ సూక్ష్మజీవులు గూట్లో తల్లి పెంటికల నుంచి అందుతాయి. పోతపాల పెంపుడు పిల్లకు ఆరోగ్యవంతమైన పెద్ద కుందేలు వేసిన మెత్తటి పెంటికను పాలలో కలిపి ఒకటి రెండుసార్లు ఇవ్వడం అనుభవజ్ఞుల పద్ధతి. పాలను మెల్లగా తగ్గిస్తూ ఆరు నుంచి ఎనిమిది వారాలకు పూర్తిగా మాన్పిస్తారు.

చట్టం, అధికారులు

భారత కుందేలుకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఇస్తుంది. 2022 సవరణకు ముందు అది చట్టంలోని నాలుగో షెడ్యూలులో ఉండేది. దాన్ని వేటాడటం, పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. చట్టం 39వ సెక్షన్ ప్రకారం వేటాడిన, బంధించి ఉంచిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అలాంటిది ఎవరి చేతికైనా వస్తే 48 గంటల్లోగా దగ్గరి పోలీస్‌స్టేషన్‌కు గానీ అధీకృత అధికారికి గానీ తెలపాలి. కరుణతో తెచ్చినా ఈ నియమం వర్తిస్తుంది. కరణ్‌కోటలో దొరికిన పిల్ల విషయం తాండూరులోని అటవీ సిబ్బందికి చెప్పడం సరైన దారి. హైదరాబాద్‌లో 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతు ప్రదర్శనశాల, 1992లో మొదలైన బ్లూక్రాస్ సంస్థ జంతు సంరక్షణలో పేరున్నవి. కానీ వంద కిలోమీటర్లకు పైగా బస్సు ప్రయాణం పసిపిల్లకు మేలు చేయదు, ముందు స్థానికంగానే సలహా అడగాలి.

పెంపుడు కుందేలు ఈ చట్టం కిందికి రాదు. దానికి 1960 నాటి జంతు హింస నివారణ చట్టం వర్తిస్తుంది. దాని చికిత్సకు ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. 2017లో తెలంగాణలో మొదలైన సంచార పశువైద్య వాహనాలను 1962 నంబరుకు ఫోన్ చేసి పిలవవచ్చు.

తిరిగి చేలోకి

చేతిలో పెరిగిన అడవి పిల్లలు బతికే పాళ్లు తక్కువ. బతికిన వాటిని ఎప్పుడు, ఎక్కడ వదలాలన్నది అటవీ శాఖ నిర్ణయం. పాలు మానేసి, గడ్డి మీదే బరువు పెరుగుతూ, మనిషి అడుగు చప్పుడుకు పారిపోయే పిల్ల విడుదలకు సిద్ధంగా ఉన్నట్టు. చేతిలోకి వచ్చి కూర్చునే పిల్ల సిద్ధంగా లేనట్టు. అందుకే సాకే రోజుల్లో ఒక్కరే పాలు పట్టాలి, పేరు పెట్టి పిలవకూడదు, కుక్కకు అలవాటు చేయకూడదు. కోత అయిపోయిన బోడి చేలో కాకుండా గట్ల మీద పొదలు, దగ్గరలో పచ్చి గడ్డి ఉన్నచోట, సూర్యుడు దిగాక పెట్టె మూత తీసి మనిషి దూరంగా జరగాలి. పిల్ల వెంటనే బయటికి రాదు. చాలాసేపు చెవులు వెనక్కి వాల్చి పెట్టెలోనే కూర్చుంటుంది. తర్వాత ముక్కు కదులుతుంది, ఒక చెవి లేస్తుంది. పెట్టెను రాత్రంతా అక్కడే ఉంచి, తెల్లవారి ఖాళీ అయిందో లేదో చూసి తెచ్చుకోవాలి.